బెన్ నెవిస్‌ను గుంపుగా ఎక్కి, గుంపుగానే దిగడం ఎలా?

బెన్ నెవిస్ అంటే స్కాట్లండ్‌లో ఫోర్ట్ విలియమ్ అనే ఊరి పక్కన ఉన్న, బ్రిటన్‌లోకెల్లా ఎత్తైన కొండ. బ్రిటన్‌లో మే నెల పరీక్షలు ముగియగానే ఇక్కడ చదువుకునే మన తెలుగువాళ్ల నుంచి నాకు ఒకే రకం సందేశాలు మొదలవుతాయి. "అన్నా, మేము పదిమందిమి బెన్ నెవిస్ ఎక్కాలనుకుంటున్నాం. శనివారం వెళ్లి ఆదివారం వచ్చేయవచ్చా? మామూలు స్పోర్ట్స్ బూట్లు చాలా?" ఆ వెంటనే ఇంకో వాక్యం తప్పకుండా ఉంటుంది: "తిరుమల కొండ నడిచి ఎక్కినవాళ్లమే."

తిరుమల సంగతే ముందు తేలుద్దాం. అలిపిరి నుంచి 3,550 మెట్లు. దారి పొడవునా పైకప్పు, దీపాలు, మంచినీళ్లు, మజ్జిగ, తోడుగా వందలమంది. బెన్ నెవిస్‌లో వీటిలో ఒక్కటీ ఉండదు. ప్రవేశ రుసుము లేదు, గేటు లేదు, "ఈ బూట్లతో పైకి వెళ్లవద్దు" అని ఆపే మనిషి లేడు. స్కాట్లండ్‌లో 2003 నాటి భూసంస్కరణ చట్టం ప్రకారం బాధ్యతగా నడుచుకునే ఎవరైనా కొండల మీద తిరగవచ్చు. అడ్డుకునేవారు లేరు కాబట్టి ఆ పని మనమే చేసుకోవాలి.

ఎత్తు 1,345 మీటర్లు, అంటే 4,413 అడుగులు. మన తూర్పు కనుమల్లోని అర్మకొండ ఇంతకంటే ఎత్తు. అయితే బెన్ నెవిస్ నడక దాదాపు సముద్ర మట్టం నుంచే మొదలవుతుంది. 1,300 మీటర్లకు పైగా మీ కాళ్లతోనే ఎక్కాలి. రానూపోనూ సుమారు 17 కిలోమీటర్లు. పైన జులైలో కూడా లంబసింగిలో జనవరి తెల్లవారుజామున ఉండే చలి, దానికి తోడు గాలివాన.

నేను మొదటిసారి వెళ్లినప్పుడు మేము పదకొండు మందిమి. నాయకుడు లేడు, ఎవరి వేగం వారిదే. కొండ సగంలో నాలుగు ముక్కలయ్యాం. ఇద్దరు వేరే దారి పట్టారు. ఫోన్లలో సిగ్నల్ లేదు. సాయంత్రం ఏడింటికి కార్ల దగ్గర అందరం కలిసేదాకా ఎవరు బతికి ఉన్నారో ఎవరికీ తెలియదు. ఆ తర్వాత వారం రోజులు ఒకే ఇంట్లో ఉంటూ కూడా మాటలు లేవు. ఆ తర్వాత నాలుగుసార్లు కొత్తవాళ్లను తీసుకువెళ్లాను. కాళ్లు చాలక ఆగిపోయినవారిని తక్కువమందిని చూశాను, గుంపు చెదరడం వల్ల చిక్కుల్లో పడ్డవారినే ఎక్కువగా చూశాను. అందుకే కింద చెప్పే అంశాల్లో సగం గుంపును పట్టి ఉంచడం గురించే.

కావలసినవి

ఒక్కొక్కరికి:

- చీలమండను పట్టి ఉంచే బూట్లు. కొత్తవి కొంటే కనీసం రెండు వారాలు కాలేజీకి అవే తొడుక్కుని తిరగండి. కొనే స్తోమత లేకపోతే ఫోర్ట్ విలియమ్‌లో అద్దెకు దొరుకుతాయి. చాలా విశ్వవిద్యాలయాల పర్వతారోహణ క్లబ్బులు సభ్యులకు సామాన్లు అరువిస్తాయి. సభ్యత్వ రుసుము చాలాచోట్ల ఒక జత బూట్ల ఖరీదు కంటే తక్కువే.
- ఉన్ని మేజోళ్లు రెండు జతలు.
- వాన నీరు చొరబడని జాకెట్, ప్యాంటు. "కొద్దిపాటి వానకు ఆగుతుంది" అని రాసి ఉన్నది వద్దు.
- ఒంటికి అంటే చొక్కా పాలియెస్టర్‌ది లేదా ఉన్నిది. దానిపై ఫ్లీసు, అంటే మెత్తటి, వెచ్చటి కృత్రిమ ఉన్ని పైచొక్కా. దానధర్మాల కోసం నడిపే పాత సామాన్ల దుకాణాల్లో మంచి ఫ్లీసు చవకగా దొరుకుతుంది.
- టోపీ, చేతి తొడుగులు. వేసవి అయినా సరే.
- రెండు లీటర్ల నీళ్లు, తిండి, తలకు కట్టుకునే లైటు, ఈల, ఫోను.

గుంపు మొత్తానికి:

- కాగితపు మ్యాపు, దిక్సూచి, వాటిని వాడటం తెలిసిన కనీసం ఒక మనిషి. మ్యాపు బ్రిటన్ మ్యాపుల సంస్థ ఆర్డ్‌నెన్స్ సర్వే వారి ఎక్స్‌ప్లోరర్ 392 నంబరుది. ఫోనులోని మ్యాపును కూడా ముందే దింపుకోండి.
- ప్రథమ చికిత్స పెట్టె, బొబ్బలకు అంటించే పట్టీలు, పవర్ బ్యాంకు.
- నారింజ రంగు ప్లాస్టిక్ సంచి, అంటే మనిషి లోపల దూరి పడుకునేంత పెద్దది. చవక, బరువు లేదు. ఇది లేకుండా కొండ ఎక్కవద్దు.
- ఒక థర్మాస్ నిండా బాగా తీపి టీ.

వద్దన్నా తెచ్చేవి రెండు. ఒకటి జీన్సు. తడిస్తే బరువెక్కుతుంది, ఆరదు, గాలికి ఒంట్లోని వేడినంతా లాగేస్తుంది. రెండోది గొడుగు. పైన మొదటి గాలికే తిరగబడిపోతుంది. శిఖరం మీద ఫొటో కోసం పట్టుపంచె, చీర తెచ్చుకునేవారూ ఉంటారు. తెచ్చుకోండి, తప్పు లేదు. సంచిలో ఉంచి, పైన జాకెట్ మీద చుట్టుకుని ఫొటో దిగి, మళ్లీ లోపల పెట్టేయండి.

1. నెల ఎంచుకోండి

కొత్తవారికి జూన్ చివరి నుంచి సెప్టెంబరు దాకా మాత్రమే. ఈస్టర్ సెలవుల్లో వెళ్దామనేది చాలామంది చేసే పొరపాటు. కింద పూలు పూస్తున్నా పైన గట్టిపడిన మంచు ఉంటుంది. అది మే నెలలో కూడా ఉండవచ్చు, కొన్నేళ్లు జూన్ దాకా పోదు. దాని మీద నడవాలంటే ఐస్ యాక్స్ అనే మంచు గొడ్డలి, బూట్లకు బిగించే ఇనుప ముళ్ల క్రాంపాన్లు, వాటిలో శిక్షణ కావాలి. డిసెంబరులో మధ్యాహ్నం నాలుగు కాకముందే సూర్యుడు అస్తమిస్తాడు. జూన్‌లో రాత్రి పది దాకా వెలుగుంటుంది. మీకు ఆ వెలుగు కావాలి.

వేసవికీ ఒక బాధ ఉంది. మిడ్జీలు అనే కంటికి సరిగా ఆనని కుట్టే పురుగులు గాలి లేనప్పుడు గుంపులుగా వచ్చి పడతాయి. కింద లోయలోనే ఎక్కువ. ఒంటికి రాసుకునే మందు కొనుక్కోండి. పైకి ఎక్కి గాలి తగిలితే అవి ఉండవు.

2. ముందు ఒక చిన్న కొండతో వడపోయండి

వాట్సాప్‌లో చేతులెత్తిన ఇరవైమందిని నేరుగా బెన్ నెవిస్‌కు తీసుకువెళ్లకండి. రెండు మూడు వారాల ముందు ఒక పరీక్ష నడక పెట్టండి. గ్లాస్గో, ఎడిన్‌బరో దగ్గర ఉన్నవారికి లోమండ్ సరస్సు ఒడ్డున ఉన్న బెన్ లోమండ్ సరైనది. ఎత్తు 974 మీటర్లు, రానూపోనూ 12 కిలోమీటర్లు. ఇంగ్లండ్, వేల్స్‌లో ఉన్నవారికి వేల్స్‌లోనే ఎత్తైన అర్ విద్వా. స్నోడన్ అంటే మీకు తెలిసే ఉంటుంది. 1,085 మీటర్లు, లాన్‌బెరిస్ దారిలో రానూపోనూ 14 కిలోమీటర్ల పైచిలుకు. అక్కడ శిఖరం దాకా చిన్న రైలు ఉంది కదా, అలసిపోతే దిగడానికి వాడుకుందాం అనుకోవద్దు. సీట్లు ముందే నిండిపోతాయి.

ఆ రోజు చూడాల్సినవి ఇవి. బెన్ లోమండ్‌ను విరామాలతో కలిపి ఆరు గంటల్లోపు ముగించారా? మరుసటి రోజు మెట్లు దిగుతుంటే మోకాలు నొప్పెట్టిందా? వాన పడ్డప్పుడు ఎవరి జాకెట్ లోపలికి కారింది? వీటన్నిటికంటే ముఖ్యం, వెనకబడినవారి కోసం ముందువారు ఆగారా? ఆగనివాడు ఎంత బలవంతుడైనా అతన్ని తీసుకువెళ్లకండి. ఈ మాట చెప్పడం కష్టం, స్నేహితుడు నొచ్చుకుంటాడు. కొండ మీద గొడవ పడటం కంటే హాస్టల్ వంటగదిలో గొడవ పడటం మేలు.

ఉబ్బసం, గుండె జబ్బు, చక్కెర వ్యాధి ఉన్నవారు నాయకుడికి ముందే చెప్పాలి, మందులు సంచిలో పైన పెట్టుకోవాలి.

3. గుంపును చిన్నది చేసి పనులు పంచండి

పన్నెండుమంది ఉంటే ఆరుగురి చొప్పున రెండు గుంపులు చేయండి. ఒక్కో గుంపులో ముగ్గురికి పని ఉంటుంది.

ముందు నడిచేవారు: దారి చూడటం, వేగం అదుపులో పెట్టడం వీరి పని. అందరికంటే బలమైన మనిషిని ఇక్కడ పెట్టకండి, ఓపిక ఉన్న మనిషిని పెట్టండి. వీరి వెనకే, రెండో స్థానంలో, అందరికంటే నెమ్మదిగా నడిచేవారు ఉండాలి. గుంపు వేగం వారిదే. నేను ఎన్ని చెప్పినా జనం పాటించనిది ఇదే, పాటిస్తే మాత్రం సగం ఇబ్బందులు పోతాయి.

చివర నడిచేవారు: వీరి వెనక ఎవరూ ఉండకూడదు. మ్యాపు చదవగలవారు, ప్రథమ చికిత్స తెలిసినవారు అయితే మంచిది.

లెక్క పెట్టేవారు: ప్రతి విరామంలో, ప్రతి మలుపులో తలలు లెక్కపెడతారు. నవ్వులాటగా అనిపిస్తుంది. మొదటిసారి మేము ఆ పని చేసి ఉంటే ఇద్దరు లేరని రెండు గంటల తర్వాత కాక, రెండు నిమిషాల్లో తెలిసేది.

4. నిద్రను ప్రయాణంలో పోగొట్టుకోకండి

గ్లాస్గో నుంచి ఫోర్ట్ విలియమ్‌కు బస్సులో సుమారు మూడు గంటలు, రైల్లో దాదాపు నాలుగు గంటలు. లండన్ నుంచి కారులో అయితే ఆగకుండా నడిపినా తొమ్మిది గంటలు దాటుతుంది. శుక్రవారం రాత్రంతా కారు నడిపి, తెల్లవారగానే కొండ ఎక్కి, ఆ సాయంత్రమే తిరిగి నడిపే పథకం నాకు ప్రతి ఏడూ ఎవరో ఒకరు పంపుతారు. ఎక్కడం కంటే ఆ తిరుగు ప్రయాణమే నన్ను ఎక్కువ భయపెడుతుంది. కొండ ముందు రాత్రి, కొండ దిగిన రాత్రి, రెండు రాత్రులూ అక్కడే పడుకోండి. కొండ కింది గ్లెన్ నెవిస్ లోయలో యూత్ హాస్టల్ ఉంది, గుడారాలు వేసుకునే స్థలం ఉంది. వేసవిలో నెలల ముందే నిండిపోతాయి.

5. వెనుదిరిగే వేళను కాగితం మీద రాయండి

విలియమ్ నెయిస్మిత్ అనే స్కాట్లండ్ పర్వతారోహకుడు 1892లో ఇచ్చిన లెక్క ఇప్పటికీ పనికొస్తుంది. ప్రతి 5 కిలోమీటర్లకు ఒక గంట, ఎక్కే ప్రతి 600 మీటర్లకు ఇంకో గంట. దీని ప్రకారం పైకి దాదాపు నాలుగు గంటలు. అది ఆగకుండా నడిచే గట్టి మనిషి లెక్క. విరామాలు, ఫొటోలు, బూటు తాళ్లు, అలకలు కలిపి కొత్త గుంపుకు పైకి ఐదు గంటలు, కిందికి మూడున్నర గంటలు వేసుకోండి.

ఉదయం 7:30కు బయలుదేరితే ఇలా ఉండాలి:

- సగం దారిలోని చెరువు దగ్గరికి 9:45
- రెడ్ బర్న్ వాగు 10:15
- శిఖరం 12:30
- ఎక్కడ ఉన్నా సరే, వెనుదిరిగే వేళ 1:30

చెరువు దగ్గరికి చేరేసరికి 10:15 దాటితే ఆ రోజు ఆ గుంపు శిఖరానికి పోదు. ఇక్కడే నిర్ణయం తీసుకోండి. ఇంకో గంట ఎక్కాక తీసుకోవడం ఎవరివల్లా కాదు, "ఇంత దూరం వచ్చాం కదా" అనే మాట అడ్డుపడుతుంది.

ఈ కాగితం ప్రతి ఒకటి పైకి రాని స్నేహితుడికి పంపండి. "రాత్రి ఎనిమిదింటికి మా నుంచి సందేశం రాకపోతే 999కి ఫోను చెయ్యి" అని స్పష్టంగా రాయండి. 999 బ్రిటన్ అత్యవసర నంబరు. కార్లు ఎక్కడ పెట్టారో, ఎంతమందో, ఏ దారో కూడా అందులో ఉండాలి.

6. వాతావరణం చూడటం

ఫోనులో ఫోర్ట్ విలియమ్ అని కొట్టి, ఎండ బొమ్మ చూసి సంబరపడకండి. అది ఊరి వాతావరణం. పైన అంతకంటే కనీసం ఎనిమిది తొమ్మిది డిగ్రీలు తక్కువ ఉంటుంది. పర్వతాల కోసం వేరే సూచనలు ఉన్నాయి: బ్రిటన్ వాతావరణ శాఖ అయిన మెట్ ఆఫీసు వారిది ఒకటి, మౌంటెన్ వెదర్ ఇన్ఫర్మేషన్ సర్వీస్ వారిది ఒకటి. ముందు రోజు సాయంత్రం రెండూ చూడండి. శిఖరం ఎత్తులో గాలి వేగం, మబ్బు ఎంత కిందికి దిగుతుంది, గాలితో కలిపి ఒంటికి తగిలే చలి ఎంత, ఈ మూడు ముఖ్యం. గాలి గంటకు 40 మైళ్లు దాటుతుందంటే నేను ఎవరినీ తీసుకువెళ్లను. ఆ గాలిలో మాట వినపడదు, అడుగు కుదురుగా పడదు.

వానకు మాత్రం మానుకోనక్కర్లేదు. స్కాట్లండ్ పడమటి తీరంలో వాన పడని రోజు కోసం కూర్చుంటే చదువు అయిపోతుంది.

వద్దనుకున్న రోజున ఏం చేయాలో ముందే అనుకుని ఉంచితే మానుకోవడం తేలికవుతుంది. గ్లెన్ నెవిస్ లోయ చివర స్టీల్ జలపాతం ఉంది, 120 మీటర్ల ఎత్తు నుంచి పడుతుంది. కారు ఆపే చోటి నుంచి నడక కొద్ది దూరమే, రాళ్లు మాత్రం తడికి జారుతాయి. ఊరి వెనక కౌ హిల్ అనే 287 మీటర్ల గుట్ట ఉంది. రైలు పిచ్చి ఉన్నవారు గ్లెన్‌ఫినన్ వెళ్లి ఇరవై ఒక్క కమానుల వంతెనను చూసి రావచ్చు.

7. తిండి

పులిహోర తీసుకువెళ్లాలని అందరికీ ఉంటుంది. నేనూ తీసుకువెళ్లాను. చలికి మెతుకు బిరుసెక్కింది. తినడానికి చేతి తొడుగులు తీయాల్సి వచ్చింది. వేళ్లు కొయ్యబారాక మళ్లీ తొడుక్కోవడానికి ఇంకొకరి సాయం కావాల్సి వచ్చింది. పులిహోరను దిగాక తినండి. పైకి చపాతీలో కూర, ఆవకాయ చుట్టి, కాగితంలో బిగించి తీసుకువెళితే నిలబడే తినవచ్చు. పల్లీ పట్టీలు, సున్నుండలు, ఖర్జూరాలు జేబులో వేసుకుని గంటకోసారి కొంచెం తినండి. ఆకలి వేసేదాకా ఆగడమే తప్పు.

నీళ్లు రెండు లీటర్లు చెప్పాను. "దారిలో బాత్రూములు లేవు కదా" అని తాగకుండా ఉండేవారు, ముఖ్యంగా అమ్మాయిలు, చాలామంది. దాహంతో తలనొప్పి, తలతిరుగుడు వచ్చి ఆగిపోతారు. బయలుదేరేటప్పుడు విజిటర్ సెంటర్‌లో బాత్రూముకు వెళ్లండి. పైన అవసరమైతే నీటికి కనీసం 30 మీటర్ల దూరంలో, దారికి దూరంగా వెళ్లండి. తోడుగా ఒకరు వెళ్లాలి. వాడిన కాగితాలు, ప్యాడ్‌లు మూసే సంచిలో పెట్టుకుని కిందికి తేవాలి. అరటి తొక్కలు కూడా. ఆ చలిలో అవి తొందరగా కుళ్లవు.

8. మొదటి సగం: నది నుంచి చెరువు దాకా

గ్లెన్ నెవిస్ విజిటర్ సెంటర్ దగ్గర నది దాటగానే ఎక్కడం మొదలు. దగ్గరలోని అచింటీ అనే చోటి నుంచి వచ్చే దారి కలుస్తుంది, ఆ తర్వాత యూత్ హాస్టల్ నుంచి వచ్చే నిట్టనిలువు అడ్డదారి కూడా కలుస్తుంది. దారి రాళ్లతో పరిచి ఉంటుంది, తప్పిపోవడం కష్టం.

మొదటి అరగంట హాయిగా మాట్లాడుకోగలిగేంత నెమ్మదిగా నడవండి. ఆయాసంతో మాట తెగిపోతోందంటే వేగం ఎక్కువ. మనవాళ్లు ఇక్కడే పందెం వేసుకుంటారు, పదిన్నరకల్లా రాళ్ల మీద కూలబడతారు. ఇరవై నిమిషాల తర్వాత అందరూ ఒక్కసారి ఆగి పైపొర తీసేయండి. చెమటతో తడిసిన బట్ట పైన గాలికి మంచుముద్ద అవుతుంది. ఆగిన ప్రతిసారీ వేసుకోవాలి, నడిచేటప్పుడు తీయాలి. బద్ధకించకండి.

సుమారు 570 మీటర్ల ఎత్తున దారి చదునవుతుంది, ఎడమ వైపు చెరువు కనిపిస్తుంది. దాని పేరు స్కాట్లండ్ పాత భాష గేలిక్‌లో చూస్తే నోరు తిరగదు. పలకడం మాత్రం తేలిక, మెలన్‌టీ అంటే సరిపోతుంది. ఇక్కడ అందరూ ఆగండి, తలలు లెక్కపెట్టండి, గడియారం చూడండి, తినండి.

9. చెరువు దగ్గరి మలుపు

మా ఇద్దరు తప్పిపోయింది ఇక్కడే. ప్రధాన దారి కుడి వైపు గట్టిగా మలుపు తిరిగి కొండ మీదికి పోతుంది. సూటిగా, చదునుగా పోయే ఇంకో దారి ఉత్తరపు కొండచరియల కిందికి పోతుంది. అలసిన కాళ్లు చదును దారినే కోరుకుంటాయి. మంచుపొగలో ముందున్నవాడు అటు తిరిగితే వెనకవారు తల వంచుకుని పోతారు. నియమం ఒక్కటే: దారి చీలిన చోట ముందున్నవారు ఆగాలి, చివరి మనిషి వచ్చేదాకా కదలకూడదు.

మలుపు తిరిగాక కొంత దూరంలో రెడ్ బర్న్ వాగు. వాన ఎక్కువగా పడి వాగు ఉరకలేస్తుంటే దాటవద్దు. దాటాక మెలికల దారి మొదలవుతుంది. చెట్టూ చేమా ఉండవు, అంతా రాళ్లే. ఒక మెలిక, ఇంకో మెలిక, ఎంతకీ తరగదు. అడ్డంగా కోసుకుపోతే త్వరగా చేరవచ్చని అనిపిస్తుంది. అలా వెళితే కాలి కింది రాయి జారి కింది మెలికలో ఉన్నవారి తల మీద పడుతుంది. ఎవరైనా రాయి జారిస్తే ఒక్క గావుకేక పెట్టండి, ఏ భాషలోనైనా సరే.

ఇక్కడ వెనుదిరగాలనుకునేవారు ఉంటారు. వారిని ఒంటరిగా పంపకండి. "నువ్వు ఇక్కడే కూర్చో, మేము వచ్చేటప్పుడు తీసుకువెళతాం" అనడం అంతకంటే ఘోరం. రెండు గంటలు కదలకుండా కూర్చున్న మనిషి చల్లబడిపోతాడు. దారి తెలిసిన ఒకరిని కలిపి కనీసం ఇద్దరిని కిందికి పంపండి. ఆరుగురి గుంపులో ఇది ఒక్కసారే కుదురుతుంది. రెండో మనిషి కూడా చాలించుకుంటే అందరూ దిగాల్సిందే.

10. పైన

సుమారు 1,200 మీటర్లు దాటాక నేల బల్లపరుపు అవుతుంది. అమ్మయ్య అనిపిస్తుంది. నిజానికి ఈ కొండ మీద అన్నిటికంటే ప్రమాదమైన చోటు ఇదే. ఎడమ వైపు, ఉత్తరాన, వందల మీటర్ల లోతున చరియలు దిగిపోతాయి. దారి ఒకటి రెండు చోట్ల వాటి అంచుకు బాగా దగ్గరగా పోతుంది. ఆ చీలికల్లో ఒకదాని పేరు గార్డీలూ గల్లీ. శిఖరం మీద 1883 నుంచి 1904 దాకా ఒక వాతావరణ పరిశోధనశాల నడిచింది. అక్కడివారు చెత్తను ఆ చీలికలోకి పారబోసేవారు. పాత ఎడిన్‌బరోలో మేడ మీది నుంచి మురికినీళ్లు వీధిలోకి పోసేటప్పుడు "గార్డీలూ" అని అరిచేవారట, అదీ పేరు వెనక కథ. జూన్‌లో కూడా దాని అంచున మంచు మిగిలి ఉండవచ్చు. గాలికి అంచు దాటి బయటికి పేరుకున్న మంచు కింద నేల ఉండదు. ఫొటో కోసం దాని మీద అడుగు పెట్టకండి.

దారి పొడవునా మనిషి ఎత్తు రాళ్ల గుట్టలు పేర్చి ఉంటాయి. పోయేటప్పుడే లెక్కపెట్టుకోండి. పొగమంచులో ఒక గుట్ట నుంచి ఇంకోటి కనిపించకపోతే అక్కడే వెనుదిరగండి. శిఖరం ఎక్కడికీ పోదు.

పైన సర్వే దిమ్మ, పరిశోధనశాల మొండిగోడలు, ఆపదలో దూరేందుకు చిన్న గూడు ఉంటాయి. ఏడాదిలో ఎక్కువ రోజులు మబ్బే, ఏమీ కనిపించకపోతే నిరాశ పడకండి. అన్నట్టు ఆ మబ్బును చూసే ఒకాయనకు నోబెల్ వచ్చింది. 1894లో ఇక్కడ కొన్నాళ్లు పనిచేసిన సి.టి.ఆర్. విల్సన్ మబ్బుల మీద వెలుగు చేసే చిత్రాలు చూసి, వాటిని ప్రయోగశాలలో సృష్టించబోయి, పరమాణు కణాల జాడలను చూపే క్లౌడ్ చాంబర్‌ను తయారుచేశాడు. ఫిజిక్స్ చదివేవారికి మాత్రమే ఈ ముక్క.

ఇరవై నిమిషాల కంటే ఎక్కువ ఆగకండి. ఆగేముందే పొడి బట్ట వేసుకోండి.

11. దిగడం

మబ్బు కమ్మితే శిఖరం నుంచి నేరుగా పడమరకు నడిచేయాలనిపిస్తుంది. అలా నడిచినవారు ఎడమకు జరిగితే ఫైవ్ ఫింగర్ గల్లీ అనే లోయలోకి దిగిపోతారు. అక్కడ ప్రాణాలు పోయాయి. దిక్సూచి లెక్క ఇది: సర్వే దిమ్మ నుంచి మ్యాపు గ్రిడ్ ప్రకారం 231 డిగ్రీల దిశలో 150 మీటర్లు, ఆ తర్వాత 282 డిగ్రీల దిశలో మెలికల దారి తల దాకా. దిక్సూచి ముల్లుకు, మ్యాపు గ్రిడ్‌కు ఉండే తేడాను ఆ ఏటి మ్యాపు చూసి సరిచేసుకోవాలి. 150 మీటర్లంటే మీకు ఎన్ని అడుగులో ముందే కాలేజీ మైదానంలో కొలుచుకోండి. ఇది మొదటిసారి అక్కడ ప్రయత్నించే పని కాదు.

దెబ్బలు తగిలేది దిగేటప్పుడే. తొడలు వణుకుతుంటాయి, మనసు అప్పటికే బిర్యానీ మీద ఉంటుంది. బూటు తాళ్లు పైభాగంలో బిగించి కట్టండి, వేళ్లు ముందుకు గుద్దుకోవు. చిన్న అడుగులు వేయండి. చేతికర్రలు ఉంటే వాడవలసింది ఇప్పుడే. మోకాలు బాగా నొప్పెట్టేవారిని మళ్లీ రెండో స్థానంలోకి తెచ్చుకోండి. చివరి గంటలో ఎవరికి వారు పరుగెత్తి పోతారు, తలల లెక్క ఆపకండి.

12. ఏదైనా జరిగితే

మాట ముద్దగా రావడం, తూలడం, జిప్పు పెట్టుకోలేకపోవడం, "నాకేమీ కాలేదు, మీరు పదండి" అంటూ వెనకబడటం, ఇవి ఒళ్లు చల్లబడిపోతోందనడానికి గుర్తులు. వెంటనే గాలి తగలని చోటికి చేర్చి, తడి బట్ట మార్చి, నారింజ సంచిలో దూర్చి, తీపి టీ తాగించండి. కింద సంచీలు పరచండి. చేతులు కాళ్లు గట్టిగా రుద్దకండి. మద్యం అసలే వద్దు. తేరుకున్నాక కిందికే, పైకి కాదు.

నడవలేని స్థితి అయితే 999కి ఫోను చేసి ముందు పోలీసు అని, తర్వాత మౌంటెన్ రెస్క్యూ అని అడగండి. ఎక్కడున్నారో మ్యాపు అంకెలతో, ఎంతమందో, దెబ్బ ఏమిటో చెప్పండి. సిగ్నల్ బలహీనంగా ఉన్నప్పుడు 999కి సందేశం అయినా వెళ్లవచ్చు. దానికి ముందే నమోదు కావాలి. ఇంటి దగ్గరే మీ బ్రిటన్ సిమ్ నుంచి 'రిజిస్టర్' అనే ఇంగ్లీషు మాటను 999కి పంపి, వచ్చిన జవాబులో చెప్పినట్టు చేయండి. ఫోను పనిచేయకపోతే ఈల: నిమిషంలో ఆరుసార్లు, ఒక నిమిషం ఆగి మళ్లీ ఆరుసార్లు. మూడుసార్లు తిరిగి వినిపిస్తే మీ ఈల విన్నారని అర్థం.

"బిల్లు ఎంత వేస్తారో" అని భయపడి ఫోను చేయనివారిని చూశాను. అక్కడి రక్షణ బృందం స్వచ్ఛంద సేవకులు, డబ్బు అడగరు. వెలుగు ఉండగా చేసిన ఫోను వారికీ మేలు.

13. దిగాక

ముందుగా ఆ స్నేహితుడికి "అందరం దిగాం" అని సందేశం పంపండి. ఇది మరిచిపోయి హోటల్లో తింటూ కూర్చుంటే, అవతల అతను 999కి ఫోను చేసేస్తాడు.

రాత్రి స్నానం చేసేటప్పుడు మోకాళ్ల వెనక, చంకల్లో, నడుము దగ్గర, జుట్టు మొదళ్లలో పిడుదుల కోసం వెతకండి. గడ్డిలో కూర్చున్నవారు తప్పకుండా చూడాలి. మన ఊళ్లో పశువులకు పట్టే వాటి కంటే ఇవి చాలా చిన్నవి, నువ్వుగింజంత ఉంటాయి. కనిపిస్తే సన్న మొన పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టి, మెలిపెట్టకుండా నిదానంగా పైకి లాగండి. నూనె పోయడం, అగ్గిపుల్లతో కాల్చడం వద్దు. కరిచిన తేదీ ఫోనులో రాసి పెట్టుకోండి. తర్వాతి వారాల్లో అక్కడ ఎర్రటి మచ్చ వలయంలా పెరిగినా, జ్వరం వచ్చినా డాక్టరుకు ఆ తేదీతో సహా చెప్పండి.